నవల చదవడం నేర్చుకుందాం, పాఠం 4: హక్ చింపేసిన ఉత్తరం

పోయిన పాఠంలో "నేను" అని కథ చెప్పే మనిషి గురించి చూశాం కదా, ఇవాళ ఆ మనిషి తన గురించి తను చెప్పుకునేది ఎంతవరకు నమ్మాలో చూద్దాం. దీనికి మార్క్ ట్వేన్ హకల్‌బెరీ ఫిన్ కంటే మంచి పుస్తకం నాకైతే కనపడలేదు (1884 చివర్లో ఇంగ్లండ్‌లో, 1885లో అమెరికాలో వచ్చింది, ఇంగ్లీషు యాస కష్టంగా ఉంటే నండూరి రామమోహనరావు గారి తెలుగు చదవండి, తప్పేం లేదు).

పెన్సిల్ తీసుకుని ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒకదాంట్లో, కథ చెప్పే పిల్లాడు హక్ "అన్నది", రెండోదాంట్లో "చేసింది". అంతే పని.

ముందు 16వ అధ్యాయం. తెప్ప మీద హక్, జిమ్. యజమానురాలు మిస్ వాట్సన్ తనని 800 డాలర్లకి అమ్మేస్తుందని విని పారిపోయొచ్చిన బానిస జిమ్. స్వేచ్ఛ దొరికితే కూలి చేసి డబ్బు దాచి పెళ్లాన్ని కొనుక్కుంటా, తర్వాత ఇద్దరు పిల్లల్ని కొంటాం, యజమాని అమ్మనంటే ఎవరిచేతైనా ఎత్తుకొచ్చేస్తాం అంటాడు. దానికి హక్ గుండె ఝల్లుమంటుంది! ఆ పిల్లలు నాకు ఏ కీడూ చేయని ఎవరో పెద్దమనిషి సొత్తు కదా అంటాడు. ఇక్కడ ఆగండి. తండ్రి తన పిల్లల్ని తెచ్చుకుంటే దొంగతనం అంటున్నాడు వీడు, సీరియస్‌గానే అంటున్నాడు, ఎందుకంటే బానిసత్వం నడిచిన మిస్సోరి రాష్ట్రంలో పెరిగిన పిల్లాడికి చర్చి నేర్పింది, చట్టం చెప్పింది అదే. ఇది మొదటి గడిలో రాయండి.

జిమ్‌ని పట్టిచ్చేద్దామనే చిన్న పడవలో బయల్దేరతాడు కూడా, కానీ తుపాకులతో ఇద్దరు ఎదురై తెప్ప మీదున్నవాడు తెల్లవాడా నల్లవాడా అంటే తెల్లవాడే అనేస్తాడు, పైగా మశూచి ఉందేమో అని వాళ్లే భయపడేలా మాట్లాడతాడు, వాళ్లు చెరో 20 డాలర్ల బంగారు నాణెం పడేసి పారిపోతారు. ఇది రెండో గడి. రెండు గళ్లూ పక్కపక్కన చూసుకోండి, అసలు కథ ఆ మధ్య గీత మీదే నడుస్తుంది.

ఇప్పుడు 31. జిమ్‌ని తెప్ప ఎక్కిన ఇద్దరు మోసగాళ్లలో రాజునని చెప్పుకునేవాడు 40 డాలర్లకి అమ్మేశాడు. హక్ మిస్ వాట్సన్‌కి జిమ్ ఎక్కడున్నాడో చెప్తూ ఉత్తరం రాస్తాడు, రాయగానే పాపం కడిగేసుకున్నట్టు తేలికైపోతాడు. తర్వాత జిమ్ గుర్తొస్తాడు, తనని నిద్ర లేపకుండా తన కాపలా కూడా జిమ్మే కాసిన రాత్రులు గుర్తొస్తాయి. ఉత్తరం చేతిలో పట్టుకుని వణుకుతాడు, సరే అయితే నరకానికే పోతాను అని చింపేస్తాడు.

చాలామంది ఇక్కడ "హక్ మారిపోయాడు" అని నోట్సు రాసుకుంటారు. నా లెక్కలో తప్పు అది. వాడు బానిసత్వం తప్పు అని ఎక్కడా అనలేదు, తను చేసేది పాపమనే నమ్ముతున్నాడు, నమ్ముతూనే స్నేహితుడి వైపు నిలబడ్డాడు. బానిసత్వం తప్పని ట్వేన్ కూడా నోరు తెరిచి చెప్పడు, మనమే అనుకోవాలి.

అభ్యాసం: 15వ అధ్యాయంలో పొగమంచు తర్వాత హక్ జిమ్‌ని ఆటపట్టించి, పావుగంట తన్నుకులాడి క్షమాపణ చెప్తాడు, దానికి రెండు గళ్లూ నింపండి. తర్వాత చివరి అధ్యాయాలు (సాగదీత ఉంది, ఓపిక పట్టండి): మిస్ వాట్సన్ చనిపోతూ జిమ్‌కి స్వేచ్ఛ ఇచ్చేసిందని హక్ స్నేహితుడు టామ్ సాయర్‌కి ముందే తెలుసు. తెలిసీ జిమ్‌ని తప్పించడానికి సాయం చేసిన టామ్‌కి ఏ గడిలో ఏం రాస్తారు? వచ్చే పాఠం అక్కడినుంచి.