కళాశాలలో ఎవరితోనూ కలవలేకపోతుంటే కౌన్సెలర్‌ను కలవడం ఎలా

మన శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో కౌన్సెలింగ్ అనగానే ఇంజినీరింగ్ సీట్ల కేటాయింపో, పోలీసులు రౌడీషీటర్లకు చేసే హెచ్చరికో గుర్తుకు వస్తుంది; అందుకే ఒంటరితనంతో సతమతమయ్యే విద్యార్థికి కౌన్సెలర్ గదికి వెళ్లడం తప్పు ఒప్పుకోవడంలా తోస్తుంది. అక్కడ ఎవరూ మందలించరు.

ఉద్దానం పల్లె నుంచో సీతంపేట మన్యం నుంచో వచ్చి హాస్టల్లో చేరినవారికి తొలి రోజుల్లో బెరుకు సహజమే. మన యాసలో "ఏటి" అన్నందుకు ఎవరైనా నవ్వితే నోరు మూతపడడమూ వింత కాదు. అయితే మెస్‌కు ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్లడం, సెమినార్ రోజున సెలవు పెట్టడం, నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగుతుంటే ఇక ఆగకూడదు.

ముందుగా మెంటార్‌ను గానీ వార్డెన్‌ను గానీ కౌన్సెలర్ ఏ రోజు, ఏ వేళ ఉంటారో అడగండి; కారణం వివరించనక్కరలేదు. కౌన్సెలర్ లేకపోతే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఉదయం ఓపీ చీటీ తీసుకుని మానసిక వైద్య విభాగానికి వెళ్లవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ క్షణమే ఫోన్ చేసి, పక్క గదివారికైనా చెప్పాలి.

వెళ్లే ముందు రెండు మూడు సంఘటనలు కాగితంపై రాసుకోవడం ఎంతో మేలు. "నాకు స్నేహితులు లేరు" అన్న మాట కంటే, "ల్యాబులో జట్లు కట్టమన్నప్పుడు చేతులు చల్లబడ్డాయి, ఎవరినీ అడగలేక చివరికి ఒక్కడినే మిగిలాను" అన్న మాట కౌన్సెలర్‌కు పని మొదలుపెట్టే దారి చూపుతుంది. మీరు చెప్పింది ఎవరెవరికి తెలుస్తుందో మొదటే అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా గుర్తించింది, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు ఉంది.

ఒక్క భేటీతో తేలే విషయం కాదిది. "అందరితో కలిసిపో" అని మాత్రమే చెప్పి పంపేవారి దగ్గరే ఉండిపోనక్కరలేదు, మరొకరిని కలవవచ్చు. మంచి కౌన్సెలర్ చిన్న పని ఇస్తారు: పక్క బెంచీవారిని నోట్సు అడగడం వంటిది. అది చేయలేకపోయినా తర్వాతి భేటీ మానేయకుండా వెళ్లి, ఎక్కడ ఆగిపోయారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.