మన్యం ఫితూరీని పాత కాగితాల్లో వెతకడం ఎలా

మన్యం ఫితూరీ అంటే బ్రిటిష్ పాలన మీద మన్యం గిరిజనులు చేసిన తిరుగుబాటు. ముందు తేదీలు పట్టుకోండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: అల్లూరి సీతారామరాజు దళం వరుసగా ఈ పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు, తూటాలు పట్టుకుపోయింది. ఇప్పటి జిల్లాల పేర్లతో వెతికితే దారి తప్పుతారు. 2022 విభజనలో చింతపల్లి అల్లూరి జిల్లాకు, కృష్ణదేవిపేట అనకాపల్లికి పోయాయి. అప్పటి పాలన మద్రాసుది. కాబట్టి విశాఖలో దొరకనివి చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో అడగండి, వైజాగపటం (విశాఖపట్నం పాత పేరు), గోదావరి రెండు జిల్లాల కిందా. పోలీసులు దోపిడీ అని రాసిందల్లా దోపిడీయే అనుకోకండి. 1882 అటవీ చట్టం గిరిజనుల పోడుకు (అడవి కొట్టి, కాల్చి చేసే సాగుకు) అడ్డుపడింది, రోడ్డు పనిలో వాళ్లకు కూలీ సరిగా ఇవ్వలేదు. ఈ గోడు పోలీసు ఫైలులో కనపడదు. రెవెన్యూ, అటవీ ఫైళ్లు కూడా తీయించండి.