ఓరగా పోకండి: హైదరాబాద్ రోడ్ల మీద సైకిలూ కారూ

సైకిల్ నేర్పేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మొదటి మాట 'ఓరగా పో' అని. హైదరాబాద్ లాంటి ఊళ్లో ప్రమాదం కాచుక్కూర్చునేది సరిగ్గా ఆ ఓరనే. ఆగివున్న కారు తలుపు తెరుచుకునేది అక్కడ. మురుగుకాలువ ఇనుప జాలీ ఉండేది అక్కడ. రాంగ్ రూట్‌లో బైకు ఎదురొచ్చేది అక్కడ. షేర్ ఆటో చెప్పాపెట్టకుండా ఆగేది అక్కడ. ఫ్రీ లెఫ్ట్ కోసం, అంటే సిగ్నల్‌కు ఆగకుండా ఎడమకు తిరగడానికి, కారు అడ్డంగా కోసుకొచ్చేదీ అక్కడికే. సైకిల్ ఆ అంచు వదిలి ఎంత ఇవతలికి రావాలి, అలా వచ్చిన సైకిల్ వెనకున్న డ్రైవరు ఏం చేయాలి? ఈ రెండూ తేలితే సగం గొడవ తీరుతుంది.

ముందు ఒక లెక్క

రోడ్డు మీద ఒక లేను వెడల్పు మామూలుగా 3.5 మీటర్లు. సైకిల్ చక్రం అంచు నుంచి మీటరు ఇవతల పోతోందనుకోండి. హ్యాండిల్ వెడల్పు దాదాపు 60 సెంటీమీటర్లు, అందులో సగం కుడివైపు. అంటే తొక్కేమనిషి కుడి మోచెయ్యి అంచుకు 1.3 మీటర్ల దూరంలో ఉంటుంది. పక్కన మీటరు ఖాళీ వదిలితే 2.3. పక్క అద్దాలతో కలిపి కారు సుమారు 2 మీటర్లు. మొత్తం 4.3 మీటర్లు. లేను చాలదు. కారు పక్క లేనులోకి 80 సెంటీమీటర్లు జరగాల్సిందే.

సరే, సైకిల్‌ని అంచుకు 30 సెంటీమీటర్ల దాకా నెట్టేద్దాం. అప్పుడు 0.6, దానికి మీటరు ఖాళీ, కారుకు 2. మొత్తం 3.6. అప్పటికీ చాలదు! సైకిల్ ఎంత ఒదిగినా కారు పక్క లేనులోకి జరక్క తప్పదు. ఒదిగినందువల్ల జరిగేది ఒక్కటే: వెనకున్న డ్రైవరుకు 'పట్టేట్టుంది' అనిపిస్తుంది, జరక్కుండానే దూరిపోతాడు. అంచుకు మీటరు ఇవతల సైకిల్ కనిపిస్తే లేను మారాలన్న సంగతి దూరం నుంచే తెలుస్తుంది.

అందుకే మీటరును నియమంగా పెట్టుకోండి. పక్కన కార్లు పార్క్ చేసి ఉంటే ఆ మీటరును రోడ్డు అంచు నుంచి కాదు, కార్ల కుడివైపు నుంచి కొలవాలి. తెరిచిన కారు తలుపు దాదాపు మీటరు బయటికొస్తుంది. రెండు కార్ల మధ్య ఖాళీ దొరికిందని లోపలికి దూరి, మళ్లీ బయటికి రావడం చాలామందికి అలవాటు. అది మానేయాలి. దూరిన ప్రతిసారీ వెనకవాడి కంటికి మాయమై, ఉన్నట్టుండి మళ్లీ ప్రత్యక్షమవుతారు. నాలుగైదు కార్ల పొడవు ఖాళీ ఉంటే తప్ప నేరుగా, ఒకే గీత మీద పోవాలి.

గల్లీల్లో, రెండువైపులా బళ్లు పెట్టిన కాలనీ రోడ్లలో, స్పీడ్ బ్రేకర్ల ముందు మీటరు కూడా తక్కువే. అక్కడ లేను మధ్యకు వచ్చేయండి. ఇరుకు దాటగానే పక్కకు జరిగి చెయ్యి ఊపి దారివ్వండి. హారన్ కొడతారు, కొట్టనివ్వండి. హారన్ కొట్టాడంటే మిమ్మల్ని చూశాడని అర్థం.

ఫ్రీ లెఫ్ట్

నగరంలో సైకిల్‌కు అన్నిటికంటే కష్టమైన చోటు ఇదే. నేరుగా పోవాల్సిన సైకిల్ ఎడమ అంచున ఉంటుంది. ఎడమకు తిరగాల్సిన కార్లు దాని కుడివైపు ఉంటాయి. ఇద్దరి దారులూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

సైకిల్ మీదున్నవాళ్లు జంక్షన్‌కు 30, 40 మీటర్ల ముందే పని మొదలుపెట్టాలి. మొదట కుడి భుజం మీదుగా వెనక్కి చూడండి. ఖాళీ ఉంటే కుడిచెయ్యి భుజం ఎత్తుకు చాచి రెండు సెకన్లు ఉంచండి. మళ్లీ ఒకసారి చూసి, నేరుగా వెళ్లే లేనులో ఎడమ సగానికి జరగండి. ఇప్పుడు ఫ్రీ లెఫ్ట్ కార్లు మీకు ఎడమవైపు నుంచి వెళ్లిపోతాయి. ఇక్కడొక చిన్న తిరకాసుంది. మన దగ్గర చాలా సైకిళ్లకు ముందు బ్రేకు కుడి చేతి కింద ఉంటుంది. ఆ చెయ్యి గాల్లో ఉన్నంతసేపూ మీకు మిగిలేది వెనక బ్రేకే. కాబట్టి వేగం ముందే తగ్గించి, ఆ తర్వాత చెయ్యి చాపండి. చెయ్యి హ్యాండిల్ మీదికి తిరిగొచ్చాకే పక్కకు జరగండి.

ట్రాఫిక్ ఆ సందు ఇవ్వకపోతే పంతం వద్దు. ఫ్రీ లెఫ్ట్ మొదలయ్యే చోటికి ముందే దిగి, సైకిల్ నడిపించుకుంటూ మధ్యలోని ఐలాండ్ దాకా దాటి, అక్కడి నుంచి ఎక్కండి.

కారు నడిపేవాళ్లకు దీనికి సరిజోడు నియమం: మలుపు 30 మీటర్లలో ఉందంటే ముందున్న సైకిల్‌ని దాటొద్దు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిల్ ఆ 30 మీటర్లు దాటడానికి 7 సెకన్లు పడుతుంది. మీరు నష్టపోయేది ఆ 7 సెకన్లే. దాటేసి వెంటనే ఎడమకు కోస్తే సైకిల్ వచ్చి మీ ఎడమ తలుపును గుద్దుతుంది, లేదా వెనక చక్రం కిందికి పోతుంది. పెట్రోల్ బంకులోకి, అపార్ట్‌మెంట్ గేటులోకి, గల్లీలోకి తిరిగినా ఇదే నియమం.

టిప్పర్లు, వాటర్ ట్యాంకర్లు, రెడీమిక్స్ లారీల సంగతి వేరు. పొడవాటి బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే లారీ ముందు భాగం దూరంగా పోయినట్టే కనిపిస్తుంది, వెనక భాగం వచ్చి ఫుట్‌పాత్‌కు నొక్కేస్తుంది. ఎడమ తలుపు కింద ఉన్న సైకిల్ ఆ ఎత్తు నుంచి డ్రైవరుకు కనపడదు. సిగ్నల్ దగ్గర లారీకి ఎడమవైపు సందున్నా దూరకండి, వెనకే ఆగండి. దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపిస్తోందా? లేదంటే మీరు అతనికి కనపడనట్టే.

సిటీ బస్సుకూ ఇదే వర్తిస్తుంది, పైగా బస్సుకూ ఫుట్‌పాత్‌కూ మధ్యలోనే జనం దిగుతారు, ఎక్కుతారు. ఆగిన బస్సు వెనక రెండు సైకిళ్ల పొడవు వదిలి నిలబడండి. కుడి ఇండికేటర్ వెలిగితే బస్సును పోనివ్వండి.

సిగ్నల్, కుడి మలుపు, యూటర్న్

30 మీటర్ల వెడల్పున్న జంక్షన్ దాటడానికి నిలిచిన చోటు నుంచి సైకిల్‌కు 9, 10 సెకన్లు కావాలి. పచ్చలైటు పక్కన టైమర్ 5 చూపిస్తుంటే బైకు దాటేస్తుంది, సైకిల్ మధ్యలో చిక్కుకుంటుంది. అప్పుడు ఆగడమే మేలు. అవతలి రోడ్డులో పచ్చ పడగానే ఉరికే డ్రైవర్లు ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు చూసి, ఇంకా దాటుతున్న సైకిల్‌ని దాటనివ్వాలి.

కుడికి తిరగడానికి మూడు లేన్లు కోసుకుంటూ డివైడర్ దాకా పోనక్కర్లేదు. రెండు విడతల్లో తిరగొచ్చు. పచ్చలైటుకు నేరుగా జంక్షన్ దాటండి. అవతలి మూలలో, అడ్డరోడ్డు వాళ్ల స్టాప్ లైన్‌కు కాస్త ముందు, ఎడమగా ఆగి సైకిల్‌ని కుడికి తిప్పి పెట్టుకోండి. ఫ్రీ లెఫ్ట్ నోట్లో కాకుండా ఐలాండ్ పక్కన నిలబడాలి. అడ్డరోడ్డుకు పచ్చ పడగానే నేరుగా పొండి. నిమిషమో రెండో ఎక్కువ పడుతుంది.

జంక్షన్లు మూసేసి ముందుకెళ్లి యూటర్న్ తీసుకోమన్న రోడ్లు ఇప్పుడు నగరంలో చాలా ఉన్నాయి. అవి మోటారు బళ్లను మనసులో పెట్టుకుని గీసినవి. సైకిల్ మీద అటువంటి యూటర్న్ తీసుకోవాలంటే వేగంగా వచ్చే కుడి లేనులో డివైడర్ పక్కన నిలబడాలి. పొద్దున ఆరింటికి పర్వాలేదు గానీ ఆఫీసు వేళల్లో మాత్రం వద్దు. దిగి, జీబ్రా గీతల మీద నడిచి దాటండి. ఎంత దూరమైనా సరే, రాంగ్ రూట్ వద్దు. గంటకు 15తో మీరు, 40తో కారు ఎదురెదురుగా వస్తే ఇద్దరి మధ్య వేగం 55. ఒకే వైపు పోతే అది 25.

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద, ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంలో టూవీలర్లకే అనుమతి లేదు, సైకిల్ మాట చెప్పనక్కర్లేదు. ఔటర్ పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్ 1న మొదలైంది, 4.5 మీటర్ల వెడల్పు, బాగుంటుంది. అక్కడికి చేరడానికి మాత్రం మళ్లీ ఈ రోడ్లే గతి.

స్టీరింగ్ పట్టినవాళ్లకు

పొడి రోడ్డు మీద, చూసి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టే డ్రైవరు గంటకు 40 వేగంలో ఆగడానికి సుమారు 20 మీటర్లు కావాలి. అదే 60లో 36 మీటర్లు. రెండు వేగాలకూ తేడా దాదాపు ఓ బస్సున్నర పొడవు. ముందు సైకిల్ ఉన్న రోడ్డులో 40 దాటకపోవడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

దాటేటప్పుడు 40 లోపు వేగంలో మీటరు, అంతకు మించితే మీటరున్నర వదలండి. మీ కారు తలుపు పూర్తిగా తెరిస్తే సైకిల్‌కు తగలకూడదు, ఆ అంచనా గుర్తుపెట్టుకుంటే చాలు. పక్క లేను ఖాళీ లేకపోతే వెనకే ఉండండి. సరిగ్గా పక్కకొచ్చాక హారన్ మోగిస్తే తొక్కేవాళ్లు ఉలిక్కిపడి హ్యాండిల్ తిప్పుతారు, మీవైపుకే తిప్పొచ్చు. కొట్టాల్సివస్తే 20, 30 మీటర్ల వెనక నుంచి ఒక్కసారి, పొట్టిగా.

గుంటను తప్పించడానికి సైకిల్ ఒక్కసారిగా అరమీటరు కుడికి జరుగుతుంది. దాని ముందున్న రోడ్డును కూడా మీరే చదవాలి.

ఆగాక తలుపు తీసే చెయ్యి మార్చండి. కుడి తలుపును కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో తీయండి. ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, కళ్లు అద్దం మీదికీ వెనక రోడ్డు మీదికీ పోతాయి. ఎడమవైపు కూర్చున్నవాళ్లు కుడిచేత్తో తీయాలి. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో దిగిపోయే క్యాబ్ ప్రయాణికులకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఎడమ సందులోంచే సైకిళ్లూ బైకులూ వస్తుంటాయి.

సైకిల్, రాత్రి, వాన

బ్రేకు లివరును గట్టిగా నొక్కినా హ్యాండిల్‌కు తగలకూడదు, మధ్యలో రెండు వేళ్ల సందు మిగలాలి. బ్రేకు రబ్బర్ల మీది గాడులు అరిగి నునుపైతే మార్చేయండి. టైరు పక్కన అచ్చేసిన గాలి అంకె చూసి కొట్టించండి. గాలి తక్కువైతే గుంటలో రిమ్ తగిలి ట్యూబుకు రెండు చిల్లులు పడతాయి.

రాత్రికి వెనక ఎర్రలైటు, ముందు తెల్లలైటు తప్పనిసరి. ముందు లైటును ఆరేడు మీటర్ల దూరంలో నేలమీద పడేలా వంచండి, ఎదుటివాళ్ల కళ్లలోకి కాదు. ఖర్చు పెట్టలేనివాళ్లకు అన్నిటికంటే లాభం రిఫ్లెక్టర్ టేపు. వెనక మడ్‌గార్డుకు ఒక ముక్క, రెండు పెడళ్లకు చెరో ముక్క అంటించండి. పైకీ కిందికీ ఆడే పెడల్ మెరుపును చూడగానే అది సైకిలని తెలిసిపోతుంది. మడ్‌గార్డు మీది రిఫ్లెక్టర్‌కు బురద పడితే ఉన్నా లేనట్టే, వారానికోసారి గుడ్డతో తుడవండి. డ్రైవర్లూ, ఎదురుగా సైకిల్ వస్తుంటే డిమ్ చేయండి. తొక్కేమనిషికి విండ్‌షీల్డ్ ఉండదు, కళ్లు బైర్లు కమ్మితే రోడ్డే కనపడదు.

వానలో రిమ్ బ్రేకులు వెంటనే పట్టవు. ముందు మెల్లగా నొక్కి నీళ్లు తుడిచిపోనిచ్చి, ఆ తర్వాత గట్టిగా నొక్కాలి. మ్యాన్‌హోల్ మూతలు, తెల్లగీతలు, ఫ్లైఓవర్ కీళ్ల దగ్గర ఇనుప పట్టీలు నూనె పూసినట్టుంటాయి. వాటి మీద బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, నిటారుగా దాటేయండి. జాలీ ఊచలు చక్రానికి సమాంతరంగా ఉంటే టైరు అందులో దిగిపోతుంది. రైలు పట్టాలను అడ్డంగా, లంబకోణంలో దాటాలి. రోడ్డు నిండా నీళ్లు నిలిస్తే అంచుకు అసలు పోకండి. నీళ్లు పోవడానికి మ్యాన్‌హోల్ మూత తీసి ఉండొచ్చు. నేల కనపడకపోతే దిగి ఆగిపోండి.

సంక్రాంతి వారంలో మెడకు మందమైన గుడ్డ చుట్టుకోండి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది, ఇప్పటికీ తీగలకు వేలాడుతూనే ఉంటుంది.

గుద్దుకుంటే

ముందు రోడ్డు మీంచి పక్కకు రండి, 108కి ఫోన్ చేయండి. మెడ, నడుము నొప్పి అంటున్నవాళ్లను మాత్రం అంబులెన్సు వచ్చేదాకా కదపొద్దు. వాళ్ల వెనక ఒక బండిని అడ్డంగా ఆపి హజార్డ్ లైట్లు వేయండి. బండి నంబరు ఫోటో తీయండి. గాయపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చడం డ్రైవరు బాధ్యతని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. సాయం చేసిన దారినపోయేవాళ్లకు 134ఏ రక్షణ ఇస్తుంది. సైకిల్‌కు బీమా లేకపోయినా, గుద్దిన బండి థర్డ్ పార్టీ బీమా నుంచి మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో పరిహారం అడగొచ్చు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే కేంద్ర పథకం కింద తీవ్ర గాయానికి 50 వేలు, మరణిస్తే 2 లక్షలు వస్తాయి. వీటన్నిటికీ పోలీసు ఫిర్యాదు, ఆసుపత్రి కాగితాలే ఆధారం, కాబట్టి దెబ్బ చిన్నదనిపించినా ఆ రోజే రాయించుకోండి.

ఒకసారి గట్టిగా తగిలిన హెల్మెట్‌ని మళ్లీ పెట్టుకోవద్దు. పైన గీత కూడా పడకపోవచ్చు, కానీ లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా, పట్టీలు కోసి పారేయండి.