దూరవిద్యలో మ్యాథ్స్ డిగ్రీ: చేరేముందు మూడు నెలలు ఏం చేయాలి?

ముందు గంటల లెక్క. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం)లో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. కాలిక్యులస్ 6 క్రెడిట్ల పేపరు, అంటే ఆ ఒక్కదానికే 180 గంటలు. రోజుకు గంటన్నర, వారానికి ఆరు రోజులు కూర్చుంటే 20 వారాలు పడుతుంది. అలాంటివి ఏడాదికి నాలుగు తీసుకుంటే వారానికి దాదాపు 14 గంటలు కావాలి. డ్యూటీ, ఇంటి పనులు పోను అవి ఎక్కడ దొరుకుతాయో ఫీజు కట్టకముందే కాగితం మీద పెట్టి చూసుకోండి. అన్నీ ఆదివారానికి తోసేస్తే మ్యాథ్స్ ఒంటబట్టదు. మళ్లీ ఆదివారం వచ్చేసరికి మొన్నటి నిర్వచనం మొదటికొస్తుంది.

కోర్సుకు ఆ విద్యాసంవత్సరానికి యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు ఉందో లేదో చూడండి. అడ్మిషన్‌కు ఆ విభాగం పోర్టల్‌లో వచ్చే డెబ్ ఐడీ, దానికంటే ముందు ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ తీసుకోవాలి. ఆధార్‌లోనూ టెన్త్ మెమోలోనూ పేరు వేరుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఫిజిక్స్, కెమిస్ట్రీ జతచేస్తే ప్రాక్టికల్స్‌కు సెలవులు పెట్టాల్సి వస్తుందని మరవొద్దు.

మొదటి ఆరు వారాలు ఇంటర్ పుస్తకాలకే. అన్నీ తిరగేయక్కర్లేదు. 1ఏలో ప్రమేయాలు, త్రికోణమితి. 1బీలో అవధులు, అవకలనాలు. 2ఏలో పాక్షిక భిన్నాలు. 2బీలో సమాకలనం చాలు. అధ్యాయానికి పది లెక్కలు, జవాబు చూడకుండా చేయండి. ఏడు రాకపోతే ముందుకు వెళ్లొద్దు. తప్పులు సాధారణంగా కాలిక్యులస్‌లో ఉండవు, బీజగణితంలో ఉంటాయి. సమీకరణాన్ని రెండువైపులా ఎక్స్‌తో భాగించేసి సున్నా అనే మూలాన్ని పోగొట్టుకుంటారు. ఎక్స్ వర్గానికి వర్గమూలం ఎక్స్ అని రాసేస్తారు, అది ఎక్స్ మాడ్యులస్. చేసిన తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే మీ చెయ్యి ఎక్కడ జారుతోందో పది రోజుల్లో తెలిసిపోతుంది.

మిగతా ఆరు వారాలు నిరూపణలకు. ఇంటర్‌లో మార్కులు బాగా తెచ్చుకున్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే, ఎందుకంటే అక్కడ సూత్రం తెలిస్తే గట్టెక్కేవాళ్లం. √2 కరణీయమని (భిన్నంగా రాయలేమని), మొదటి ఎన్ బేసిసంఖ్యల మొత్తం ఎన్ వర్గమని పుస్తకం మూసి రాయండి. గణితానుగమనంలో మొదటి మెట్టును, అంటే ఎన్ ఒకటి అయినప్పుడు సరిచూడటాన్ని, లాంఛనం అనుకోవద్దు. అది వదిలేస్తే ‘ఎన్, ఎన్ ప్లస్ ఒకటి సమానం’ అని కూడా నిరూపించేయొచ్చు: కే దగ్గర నిజమనుకుని రెండువైపులా ఒకటి కలిపితే సరి!

తర్వాత ‘ప్రతి’, ‘ఒక’ అనే మాటల వరస. ‘ప్రతి తాళానికీ ఒక చెవి ఉంది’ వేరు, ‘అన్ని తాళాలకూ పట్టే ఒక చెవి ఉంది’ వేరు. రియల్ అనాలిసిస్‌లో (కాలిక్యులస్‌ను నిరూపణలతో చదివే పేపరు) అవధి నిర్వచనం కూడా ఇంతే: ముందు ఎప్సిలాన్ అనే ధన సంఖ్య, ఆ తర్వాతే దానికి తగ్గ డెల్టా. ఈ వరస తారుమారైతే నిరూపణ మొత్తం తప్పుతుంది. వాక్యాలకు వ్యతిరేకం రాయడం రోజుకు ఐదు చొప్పున సాధన చేయండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంకో పని ఉంది. ఇగ్నో పాఠాలు ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి కాబట్టి ఒక పేజీని రెండు నిలువు గళ్లుగా చేసి అవధికి ‘లిమిట్’, అవిచ్ఛిన్నతకు ‘కంటిన్యుయిటీ’ అని జతలు రాసుకోండి. పాఠాలు ఇగ్నో వెబ్‌సైట్ ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి. చేరకముందే కాలిక్యులస్ మొదటి బ్లాకు (పాఠాల భాగం) తెరిచి, మధ్యలో ఇచ్చిన అభ్యాసాలు చేసి చూడండి. వీడియో చూస్తుంటే అన్నీ అర్థమైనట్టే ఉంటుంది, పెన్ను పట్టాకే అసలు సంగతి బయటపడుతుంది.

అసైన్‌మెంట్లకు 30 శాతం, జూన్ లేదా డిసెంబర్‌లో రాసే చివరి పరీక్షకు 70 శాతం వెయిటేజీ. గడువు రోజున వేరేవాళ్ల జవాబులు ఎక్కించేస్తే ఆ 30 దక్కవచ్చు గానీ, 70కి కావలసిన సాధన పోతుంది. పాఠం అయిన వారంలోనే దానికి సంబంధించిన ప్రశ్న రాసి పక్కన పెట్టేయండి.