గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు పన్ను పీకించుకునే ముందు

తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గర నాది మందుల షాపు. పంటి నొప్పికి మాత్రలడిగే ప్రతి ఒక్కరినీ ముందు ఒకటే అడుగుతాను: "గుండె ఆపరేషన్ ఏమైనా అయిందా అన్నా?" పంటికీ గుండెకూ ఏం సంబంధమని చాలామంది ఆశ్చర్యపోతారు.

మన నోట్లో విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది, అక్కడున్నంతవరకు పెద్దగా హాని చేయదు. పన్ను పీకినా, చిగుళ్ల కింద గార తీసినా రక్తంలోకి చేరుతుంది. మామూలుగా అయితే కాసేపట్లో మన ఒళ్లే దాన్ని చంపేస్తుంది. కృత్రిమ వాల్వు దొరికిందా, దాన్ని పట్టుకుని పెరుగుతుంది. కీళ్లవాత జ్వరంతో దెబ్బతిన్న వాల్వు మీదా అంతే. ఇదే ఎండోకార్డైటిస్. అక్కడ పెరిగిన దాంట్లోంచి ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం వస్తుంది.

అందుకే పళ్ల డాక్టరు దగ్గరికి ఆపరేషన్ ఫైలు తీసుకెళ్లండి, కుర్చీ ఎక్కకముందే చూపించండి. వాల్వు మార్చినవాళ్లకు, ఇదివరకు ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లకు సాధారణంగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ నాలుగు, అరగంట నుంచి గంట ముందు ఒకేసారి వేసుకోమని రాస్తారు. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి, వేరే మందు రాస్తారు. కీళ్లవాత జ్వరం మళ్లీ రాకుండా మూడు వారాలకోసారి వేయించుకునే పెన్సిలిన్ ఇంజెక్షన్ దీనికి సరిపోదు, ఆ సంగతి కూడా చెప్పాలి. రక్తం పలచబడే మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

చిగుళ్లు వాచి ఉంటే బ్రష్ చేసినా, నమిలినా బ్యాక్టీరియా రక్తంలోకి పోతూనే ఉంటుంది. కాబట్టి రోజూ రెండు పూటలా పళ్లు తోముకోవడం ఆ నాలుగు క్యాప్సూల్స్ కంటే ముఖ్యం. పిన్నీసుతో పళ్లు కుట్టుకోకండి.

ఇక జ్వరం. ఎండోకార్డైటిస్ చాలాసార్లు జ్వరంగానే బయటపడుతుంది. ఆ మధ్య పీలేరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చొక్కా పై గుండీ ఊడి ఉంది, ఛాతీ మధ్యలో నిలువుగా కుట్ల గీత. కొన్ని వారాలుగా సాయంత్రమైతే జ్వరం, రాత్రిళ్లు చెమటలు, అన్నం సయించదు. "ఏదో ఒక యాంటీబయాటిక్ ఇయ్యి నాయనా" అన్నారు. నేను ఇవ్వలేదు, గుండె డాక్టరు దగ్గరికి పంపాను. ఒక్క మాత్ర పడినా బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలో ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షలో, బ్యాక్టీరియా పెరగకపోవచ్చు. అదేదో తెలియకుంటే నాలుగు నుంచి ఆరు వారాలు నరానికి ఎక్కించే మందును డాక్టరు అంచనా మీద ఎంచుకోవాలి. వాల్వు మార్పించుకున్నవాళ్లకు కారణం తెలియని జ్వరం వస్తే ఏ షాపులోనూ యాంటీబయాటిక్ కొనకండి, నా షాపులోనైనా సరే. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, కల్చర్‌కు రక్తం ఇవ్వాలా అని మీరే అడగండి.