‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు’ అని వస్తే కంగారు పడకండి

మొన్న మా నాన్నగారి కంప్యూటర్‌లో కుడివైపు కింద మూలన ఎర్ర గుర్తుతో ఇదే మెసేజ్ ఐదు నిమిషాలకోసారి వస్తుంటే పాపం ఆయన టెన్షన్‌తో కార్డు తీసి డబ్బు కట్టబోయారు. చాలాసార్లు అది వైరస్ కాదు, ఎప్పుడో ఏదో సైట్‌లో తెలియక ‘అలో’ (Allow) నొక్కడం వల్ల వచ్చే నోటిఫికేషన్ మాత్రమే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, అలో జాబితాలో మీకు తెలియని సైట్లన్నీ తీసేయండి. మా ఇంట్లో దాంతోనే ఆగిపోయింది.

ఆగకపోతే విండోస్ 11 సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్‌ని తేదీ వారీగా పెట్టి చూడండి, గొడవ మొదలైన రోజుల్లో మీరు వేసుకోని ‘క్లీనర్’, ‘ప్రొటెక్టర్’ లాంటివి కనిపిస్తే అన్‌ఇన్‌స్టాల్ చేసి, విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ తెరుచుకోకముందే వైరస్‌లను వెతికే స్కాన్) పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది కాబట్టి ముందు మీ ఫైళ్లు సేవ్ చేసుకోండి, దాదాపు 15 నిమిషాలు పడుతుంది. తెర మీద కనిపించే నంబర్‌కి మాత్రం దయచేసి ఫోన్ చేయొద్దు, ఎనీడెస్క్ (మన కంప్యూటర్‌ని వేరేవాళ్లు దూరం నుంచే నడపగలిగే యాప్) వేసుకోమంటే అసలే వద్దు. ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే వెంటనే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.