కార్తీకానికి తుప్పలు కొట్టేముందు

కార్తీక మాసం దగ్గరకొచ్చేసింది. వనభోజనాలకి జనం దిగేలోపు ఉసిరిచెట్ల చుట్టూ తుప్పలు కొట్టాలి, దారులు శుభ్రం చేయాలి, మొక్కల పేర్ల పలకలు తుడిచి నిలబెట్టాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆదివారం పూట తోట పనికి వచ్చే వాలంటీర్లకే ఈ మాటలు. 2025 చివర్లో స్క్రబ్ టైఫస్ అనే పురుగుకాటు జ్వరంతో మనిషి పోయారన్న వార్త ఎక్కడి నుంచో రాలేదు, మన చీపురుపల్లి వైపు నుంచే వచ్చింది. కొన్నాళ్లు అందరూ భయపడ్డారు. ఇప్పుడు మళ్లీ నిక్కర్లు, హవాయి చెప్పులతో వచ్చేస్తున్నారు.

పాముల గురించి, పిడుగుల గురించి ఇక్కడ రాయను. వాటికి ఎవరి భయం వాళ్లకుంది. స్క్రబ్ టైఫస్ తెచ్చేది కంటికి ఆనదు. నల్లిని పోలిన ఒక పురుగు, అది కూడా పిల్ల దశలో ఉన్నప్పుడే మనిషిని కుడుతుంది. ఎలుకలు తిరిగే గడ్డి, తుప్పలు, కుళ్లిన ఆకుల కుప్పలు దాని చోటు. కుట్టిన సంగతే తెలియదు.

అయితే మనుషులు చెడేది పురుగు దగ్గర కాదు, డాక్టరు దగ్గర. జ్వరం వెంటనే రాదు. వారం, పది రోజులు పడుతుంది, ఒక్కోసారి మూడు వారాలు కూడా. ఈలోగా తోట సంగతి మరిచిపోతారు. వీధి చివర ఆసుపత్రికి వెళ్లి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు అంటారు. వైరల్ అని ఇంజెక్షను, పారాసిటమాల్. తగ్గకపోతే సెలైను. తోట మాట మీరు ఎత్తరు, ఆయన అడగడు. ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేం. వానలు వెళ్లే రోజుల్లో మన దగ్గర మలేరియా, డెంగీ, టైఫాయిడ్ అన్నీ తిరుగుతుంటాయి, అన్నీ మొదట ఒకేలా కనిపిస్తాయి. కానీ మామూలుగా ఇచ్చే చాలా యాంటీబయాటిక్స్ స్క్రబ్ టైఫస్ మీద పనిచేయవు. ముఖ్యంగా పనిచేసేది డాక్సీసైక్లిన్, ఖరీదైన మందేం కాదు. వేళకి పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినొచ్చు. అందుకే తోటలో పని చేశానని చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

ఇంకోటి, పురుగు కుట్టిన చోట వచ్చే నల్ల మచ్చ. మా కుర్రాడొకడికి ప్యాంటు నాడా కింద వచ్చింది. శనగగింజంత పెచ్చు, చుట్టూ ఎర్రగా, సిగరెట్టుతో చురక పెట్టినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు. నాడా ఒరుసుకుందిలే అనుకున్నాడు. జ్వరం ముదిరి వార్డులో చేరాక నర్సమ్మ బనీను ఎత్తి చూస్తే బయటపడింది. చంకలు, గజ్జలు, నడుము, చెవి వెనక, ఆడవాళ్లయితే రొమ్ముల కింద కూడా వెతకాలి. అద్దంలో కనపడని చోట ఇంట్లోవాళ్లని చూడమనండి, సిగ్గుపడితే కుదరదు. మచ్చ లేదు కదా అని ధీమాగానూ ఉండొద్దు. అందరికీ రాదు. అప్పుడు రక్త పరీక్షే దారి.

బట్టల సంగతి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, బూట్లు. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపండి, చూడ్డానికి బాగోకపోయినా సరే. చీరతో తుప్పల్లోకి దిగొద్దు, కుచ్చెళ్లు గడ్డిని ఊడ్చుకుంటూ వస్తాయి. డీట్ ఉన్న దోమల క్రీము చీలమండలకి, చేతులకి రాయండి.

చెమట చొక్కా విప్పి పొద మీద ఆరేయొద్దు.

గడ్డిలో చతికిలబడి టిఫిన్లు తినొద్దు. టార్పాలిన్ పరవండి. తిన్న విస్తళ్లు తుప్పల్లోకి విసరొద్దు, ఎలుకల్ని మీరే పిలిచినట్టు.

కొట్టిన తుప్పలు గుట్టలుగా వదలొద్దు. తగలబెట్టొద్దు.

గర్భిణులు ఈ పనికి రావొద్దు.

ఇంటికెళ్లి మంచమెక్కకముందే సబ్బుతో ఒళ్లు రుద్ది స్నానం. ఆ బట్టలు వేడినీళ్లలో.

ముందుజాగ్రత్త అంటూ డాక్సీసైక్లిన్ మీ అంతట మీరు కొనుక్కుని మింగొద్దు. వాట్సాప్‌లో ఎవరు చెప్పినా సరే.

జ్వరమొచ్చిన వాలంటీరుకి ఆమడ దూరంలో నిలబడొద్దు. ఇది మనిషి నుంచి మనిషికి అంటదు.

తుప్పలు కొట్టిన తేదీ ఇంట్లో క్యాలెండరు మీద రాయండి. కాలేజీ కుర్రాళ్లు అమ్మకి చెప్పి రాయించండి, ఒళ్లు కాలిపోతున్నప్పుడు మీకు గుర్తుండదు. ఆ తేదీ నుంచి మూడు వారాల్లో జ్వరమొస్తే డాక్టరుతో మొదటి మాట అదే. జ్వరం ఎన్ని డిగ్రీలో తర్వాత చెప్పొచ్చు.

రెండు రోజుల మందులకి దిగకపోతే అక్కడే సెలైన్లు ఎక్కించుకుంటూ కూర్చోవద్దు. శ్రీకాకుళం వాళ్లు రిమ్స్‌కి, విజయనగరం వాళ్లు సర్వజన ఆసుపత్రికి వెళ్లిపోండి. ఆయాసమొచ్చినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా ఆ రెండు రోజులు కూడా ఆగొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. అక్కడ కూడా ఓపీ చీటీ రాసేవాళ్ల దగ్గర్నుంచి డ్యూటీ డాక్టరు దాకా అందరికీ చెప్పండి, తోటలో పని చేశానని.